ఫ్లెక్సీ మీది ‘ఏ ప్లస్’ను ఎంత నమ్మాలి? – కాలేజీ సందేహాలకు మాస్టారి జవాబులు

అడ్మిషన్ల రోజులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్, బ్రాంచిల్ని పరిశీలించే ఎన్‌బీఏల గురించే. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పాను. అందులో చివరి తొమ్మిదేళ్లు కాలేజీలో చదువు నాణ్యతను చూసుకునే ఐక్యూఏసీ విభాగానికి కోఆర్డినేటరుగా ఫైళ్ల మధ్యే గడిచాయి. అందుకని ఈ ప్రశ్నలు చూడగానే కొంచెం హుషారు, కొంచెం నడుం నొప్పి రెండూ వచ్చాయి.

మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయిని బీకామ్‌లో చేర్పించాలి. రెండు కాలేజీలు చూశాం. ఒకదాని గేటు మీద ‘న్యాక్ ఏ ప్లస్’ అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. రెండోదానికి బీ ప్లస్ ప్లస్ ఉందట, ‘యూజీసీ గుర్తింపు కూడా ఉంది’ అన్నారు. మొదటిదాని ఫీజు దాదాపు రెట్టింపు. అసలీ గ్రేడు ఎవరిస్తారు? ఎలా ఇస్తారు? దాన్ని చూసి అంత ఫీజు కట్టొచ్చా?
– ఒక తండ్రి, నంద్యాల

నమస్కారమండీ. ‘గుర్తింపు’ అనే ఒక్క మాటలో మనవాళ్లు నాలుగు సంగతులు కలిపేశారు. ముందు వాటిని విడదీసుకుందాం.

డిగ్రీ పట్టా ఇచ్చే హక్కు కాలేజీది కాదు, విశ్వవిద్యాలయానిది. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా చెబుతుంది. కాలేజీ ఏదో ఒక విశ్వవిద్యాలయం కింద చేరి పాఠాలు చెబుతుంది. అది అఫిలియేషన్, అనుబంధం. మీ అమ్మాయి పట్టాకు ప్రాణం అదే. రెండో కాలేజీవాళ్లు చెప్పిన యూజీసీ గుర్తింపు బహుశా 2ఎఫ్, 12బీ అయ్యుంటుంది. అంటే యూజీసీ జాబితాలో పేరుందనీ, కేంద్రం నిధులకు అర్హత ఉందనీ అర్థం. ఇంజనీరింగ్ లాంటి కోర్సులు పెట్టాలంటే సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతి కావాలి, అది మూడోది. ఈ మూడూ కాలేజీ నడపడానికి కావలసిన కాగితాలు. అక్కడ చదువు ఎలా ఉందో ఇవేవీ చెప్పవు.

అది చూడటానికి పెట్టిందే అక్రెడిటేషన్. 1986 జాతీయ విద్యా విధానంలో ఈ ఆలోచన వచ్చింది. 1994లో యూజీసీ బెంగళూరు కేంద్రంగా న్యాక్‌ను ఏర్పాటు చేసింది.

ఇప్పుడు ఫ్లెక్సీల మీద కనిపించే గ్రేడులు ఇచ్చిన పద్ధతి చెబుతాను. కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి బయటికి వెళ్లాలి, లేదా కాలేజీకి ఆరేళ్లు నిండాలి. అప్పుడే దరఖాస్తుకు వీలు. దరఖాస్తు అంగీకరించాక కాలేజీ తన గురించి తనే ఒక నివేదిక రాసుకోవాలి. దాన్ని ఎస్‌ఎస్‌ఆర్ అంటారు. ఐదేళ్ల లెక్కలన్నీ అందులో పెట్టాలి: ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, పూర్తికాలపు లెక్చరర్లు ఎందరు, వాళ్లలో నెట్, పీహెచ్‌డీ ఉన్నవాళ్లెందరు, లైబ్రరీకి ఏటా ఎంత ఖర్చు పెట్టారు. ఈ లెక్కల్ని డీవీవీ అనే దశలో బయటివాళ్లు ఆధారాలు అడిగి సరిచూస్తారు. ఈలోగా విద్యార్థుల ఈమెయిళ్లకు న్యాక్ నేరుగా ఒక ప్రశ్నావళి పంపుతుంది. లెక్కల్లో కనీస మార్కులు వస్తేనే పీర్ టీమ్ వస్తుంది. వేరే రాష్ట్రాల ప్రొఫెసర్లు, ప్రిన్సిపాళ్లు అందులో ఉంటారు. లెక్కలకు అందని సంగతులు వాళ్లు చూస్తారు. 2017 జులైలో పద్ధతి మార్చాక మార్కుల్లో దాదాపు 70 శాతం లెక్కలదీ, మిగతాది పీర్ టీమ్‌దీ అయింది.

అన్నీ కలిపి నాలుగుకు సీజీపీఏ, అంటే సగటు పాయింట్లు వేస్తారు. 3.51 పైన ఏ ప్లస్ ప్లస్. 3.26 నుంచి ఏ ప్లస్. 3.01 నుంచి ఏ. 2.76 నుంచి 3.00 దాకా బీ ప్లస్ ప్లస్. ఆ కింద బీ ప్లస్, బీ, సీ. 1.50కి మించకపోతే డీ, అంటే అక్రెడిటేషన్ రానట్టే. గ్రేడు మామూలుగా ఐదేళ్లు చెల్లుతుంది.

ఏడు అంశాలుంటాయి, మొత్తం వెయ్యి మార్కులు. అనుబంధ కాలేజీల విషయంలో బోధన, మూల్యాంకనం అనే ఒక్క అంశానికే 350. భవనాలు, వసతులకు 100. ఈ రెండంకెలు ఎందుకు చెబుతున్నానంటే, మా కాలేజీకి న్యాక్ మొదటిసారి వచ్చినప్పుడు మేం సరిగ్గా దీనికి తలకిందులుగా పనిచేశాం. నెలరోజులు సున్నాలు, రంగులు. అద్దె పూలకుండీలు. గేటు నుంచి సెమినార్ హాలు దాకా ఎర్ర తివాచీ. పీర్ టీమ్ చైర్మన్ గారు తివాచీ పక్కనుంచి నడిచి నేరుగా లైబ్రరీకి వెళ్లారు. అక్కడ కూర్చున్న సెకండియర్ అమ్మాయిని “ఈ టర్మ్‌లో ఎన్ని పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లావమ్మా?” అని అడిగారు. ఆ పిల్ల అబద్ధమాడటం చేతకాక, “సార్, మాకింకా కార్డులు ఇవ్వలేదు” అంది. మా ప్రిన్సిపాల్ గారి మొహం కొత్త సున్నం కంటే తెల్లగా అయింది.

మాకు బీ వచ్చింది. నెల తిరక్కుండా కార్డులూ వచ్చాయి. అంతకుముందు నాలుగేళ్లుగా లైబ్రేరియన్ గారు అడుగుతున్నా రాని కార్డులవి. న్యాక్ వల్ల ఏం ఒరిగిందని ఎవరైనా అడిగితే నేను గ్రేడు సంగతి చెప్పను, ఈ కార్డుల సంగతే చెబుతాను.

ఇక మీ ఫీజు ప్రశ్న. ఆ అక్షరం కోసం నేనైతే రెట్టింపు కట్టను. బీ ప్లస్ ప్లస్ అంటే 3.00 కూడా కావచ్చు, ఏ ప్లస్ అంటే 3.26 కూడా కావచ్చు. పైగా ఆ గ్రేడు ఎప్పటిది? ఐదేళ్ల కింద వచ్చిన గ్రేడు అంతకుముందు ఐదేళ్ల లెక్కల మీద వేసింది. అంటే పదేళ్ల నాటి లెక్చరర్ల కష్టం కూడా అందులో ఉంటుంది. వాళ్లు ఇప్పుడు అక్కడ ఉన్నారో లేదో ఎవరికి తెలుసు?

ఇలా చేయండి. రెండు కాలేజీల వెబ్‌సైట్లలో ఎస్‌ఎస్‌ఆర్ వెతకండి, అందరికీ కనిపించేలా పెట్టాలని నియమం. పీర్ టీమ్ రిపోర్టు కూడా చూడండి. అందులో కాలేజీ బలాలు, బలహీనతలు విడివిడిగా రాసి ఉంటాయి. ముందు బలహీనతలు చదవండి, బలాలు ఎలాగూ ఫ్లెక్సీ మీద ఉన్నాయి. తర్వాత కామర్స్ విభాగంలో పూర్తికాలపు లెక్చరర్లు ఎందరు అని రాశారో ఆ అంకె చీటీ మీద రాసుకుని కాలేజీకి వెళ్లండి. ఆ పేర్లలో ఎందరు ఇప్పుడు పాఠం చెబుతున్నారో విద్యార్థుల్నే అడగండి. ఆఫీసులో అడిగితే అందరూ ఉన్నారనే అంటారు. ఎస్‌ఎస్‌ఆర్ ఎక్కడా దొరక్కపోతే అది కూడా ఒక జవాబే అనుకోండి.

మాస్టారూ, నేను ఒక ప్రైవేటు కాలేజీలో రెండేళ్లుగా లెక్చరర్ని. మాకు న్యాక్ దగ్గర పడుతోంది. జరగని సెమినార్లకు రిపోర్టులు, పాత తేదీలతో మీటింగ్ మినిట్స్ రాయమంటున్నారు. రాత్రి ఎనిమిది దాకా కాలేజీలోనే ఉంటున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. రాయనంటే ఉద్యోగం పోతుందేమోనని భయం.
– పేరు వద్దన్న పాఠకురాలు

అమ్మా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. ఐక్యూఏసీ బాధ్యత తీసుకున్న మొదటి ఏడాది, రెండేళ్ల మీటింగ్ మినిట్స్ ఒకే సాయంత్రం రాశాను. అన్నీ ఒకేలా కనబడకూడదని మూడు పెన్నులు మార్చాను. ఒక మీటింగుకు హాజరైనట్టు రాసిన పెద్దమనిషి ఆ తేదీకి రెండు నెలల ముందే చనిపోయారని తర్వాత తెలిసింది. ఎవరూ పట్టుకోలేదు. కానీ ఆ రిజిస్టరు బీరువాలో కనబడిన ప్రతిసారీ నాకు గొంతులో ఏదో అడ్డుపడేది.

మేనేజ్‌మెంట్లకు ఇంత ఆత్రం ఎందుకో కూడా తెలుసుకో. గ్రేడు ఫ్లెక్సీ కోసమే కాదు. సొంత సిలబస్, సొంత పరీక్షలు పెట్టుకునే అటానమస్ హోదాకు అక్రెడిటేషన్ కావాలి. 2013లో రూసా పేరుతో మొదలై ఇప్పుడు పీఎం ఉషగా మారిన కేంద్ర పథకం లాంటివాటి నిధుల విషయంలోనూ దీన్ని చూస్తారు. విశ్వవిద్యాలయం దూరవిద్య కోర్సులు నడపాలంటే 3.01 అనే అంకెను అడుగుతారు. 2012 యూజీసీ నిబంధనలు అక్రెడిటేషన్‌ను తప్పనిసరి చేశాయి. ఇంత బరువు ఒక్క అక్షరం మీద పెట్టాక దాన్ని ఎలాగైనా తెచ్చుకోవాలనే మనుషులు పుట్టుకొస్తారు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయానికి మంచి గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణ మీద సీబీఐ పది మందిని అరెస్టు చేసింది. వాళ్లలో తనిఖీకి వచ్చిన బృందం సభ్యులూ ఉన్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నిజాయితీగా పనిచేసిన పీర్ టీమ్‌లను చూసినవాణ్ణి కాబట్టి ఇంకా బాధేసింది.

ఇప్పుడు నువ్వేం చేయాలి? ‘ఇది తప్పు, నేను రాయను’ అని ఎదురు తిరిగితే నువ్వొక్కదానివే మిగులుతావు. దానికి బదులు కోఆర్డినేటరు దగ్గరికి వెళ్లి, “సార్, డీవీవీలో చోటు వివరాలు నమోదైన జియోట్యాగ్ ఫొటోలు, హాజరు పట్టీ, బిల్లు అడిగితే ఎక్కడినుంచి తెద్దాం?” అని అడుగు. ఈ ప్రశ్నకు భయపడని కోఆర్డినేటరు ఉండడు. జరగని ఐదు సెమినార్లు రాసేకంటే ఈ సెమిస్టర్లోనే రెండు నిజంగా జరిపిద్దామని, ఆ పని నువ్వు తీసుకుంటానని చెప్పు. ఒకటి రెండు చోట్ల సున్నా పెట్టినా పోయే మార్కులు చాలా తక్కువ. అబద్ధం బయటపడితే మిగతా లెక్కల మీద కూడా అనుమానం పడుతుంది. ఈ లెక్క కామర్స్ మాస్టారిగా చెబుతున్నాను, వాళ్లకూ ఇదే భాషలో చెప్పు.

అప్పటికీ వినకపోతే నీ పేరుతో, నీ సంతకంతో మాత్రం జరగనిది రాయకు. ఏం రాయమంటున్నారో మెయిల్‌లో పంపమని మర్యాదగా అడుగు. చాలాసార్లు ఆ మెయిల్ రాదు, ఆ పనీ ఆగిపోతుంది. ఎనిమిది దాకా కూర్చోబెట్టడం వేరే సమస్య. ఒక్కదానివే కాకుండా, నీతోటి వాళ్లు నలుగురు కలిసి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడండి.

సార్, నేను ఫైనల్ ఇయర్. మా కాలేజీ న్యాక్ గడువు పోయిన ఏడాదే అయిపోయిందని ఇప్పుడు తెలిసింది. నా డిగ్రీ చెల్లదా?
– బీఎస్సీ విద్యార్థి, ఖమ్మం

చెల్లుతుంది నాయనా. నీ పట్టా విశ్వవిద్యాలయం ఇస్తుంది. కాలేజీ అఫిలియేషన్ ఉన్నంత కాలం న్యాక్ గడువుతో దానికి సంబంధం లేదు.

పట్టాలు నిజంగా ప్రమాదంలో పడిన సందర్భాలు వేరు. 2002లో ఛత్తీస్‌గఢ్ చేసిన ఒక చట్టం కింద గుట్టలుగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పుట్టుకొచ్చాయి. ప్రొఫెసర్ యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2005 ఫిబ్రవరిలో కోర్టు ఆ ఏర్పాటునే కొట్టేసింది, నూటికి పైగా విశ్వవిద్యాలయాలు ఒక్క తీర్పుతో రద్దయ్యాయి. 2017 నవంబరులో, కావలసిన అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీదా అదే కోర్టు కఠినంగా తీర్పిచ్చింది. రెండు చోట్లా గొడవ గ్రేడు గురించి కాదు, పట్టా ఇచ్చే అధికారం గురించి. యూజీసీ వెబ్‌సైటులో నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా ఉంటుంది. దూరవిద్యలో చేరే మీ స్నేహితులెవరైనా ఉంటే ముందు అది చూడమను.

నీ విషయంలో ఒక్క చిన్న మెలిక. మూడేళ్ల డిగ్రీతో అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లాలనుకుంటే, మన డిగ్రీల్ని అక్కడి డిగ్రీలతో పోల్చిచెప్పే కొన్ని సంస్థలు కాలేజీకి న్యాక్ ఏ గ్రేడు ఉందా అని చూస్తాయి. ఆ ఆలోచన ఉంటే ఇప్పుడే కనుక్కో.

మాస్టారూ, మా వాడికి సీఎస్‌ఈలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో సీటొచ్చింది. కాలేజీకి ఎన్‌బీఏ ఉందని పీఆర్వో గారు గట్టిగా చెప్పారు. న్యాక్, ఎన్‌బీఏ ఒకటేనా?
– ఒక తల్లి, కాకినాడ

కాదమ్మా. న్యాక్ కాలేజీ మొత్తాన్ని చూస్తుంది. ఎన్‌బీఏ బ్రాంచిని చూస్తుంది. అదీ 1994లోనే, ఏఐసీటీఈ కింద మొదలైంది, 2010లో స్వతంత్ర సంస్థ అయింది. ‘మా కాలేజీకి ఎన్‌బీఏ ఉంది’ అన్న మాటలోనే తప్పుంది. మెకానికల్‌కు ఉండొచ్చు, ఈసీఈకి ఉండొచ్చు, మీవాడి బ్రాంచికి ఉండకపోవచ్చు.

నాకు తెలిసి ఉండే అవకాశమే తక్కువ. ఎన్‌బీఏకు దరఖాస్తు చేయాలన్నా ఆ బ్రాంచిలో కనీసం రెండు బ్యాచ్‌లు చదువు పూర్తి చేసి వెళ్లాలి. ఈ ఏఐ బ్రాంచిలు మన కాలేజీల్లో ఎక్కువగా 2020 తర్వాత పుట్టినవే. నాలుగేళ్ల కోర్సు, రెండు బ్యాచ్‌లు, ఆ పైన పరిశీలన. మీరే లెక్కేయండి. పీఆర్వో గారిని ‘ఏ బ్రాంచికి, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా’ అని అడగండి, ఎన్‌బీఏ వెబ్‌సైటులో సరిచూసుకోండి. కొత్త బ్రాంచికి లేకపోవడం నేరం కాదు. లేనిది ఉందని చెప్పడం మాత్రం చేరకముందే దొరికిన ఆధారం.

ఎన్‌బీఏ వల్ల ఇంకో ఉపయోగం ఉంది. 2014 జూన్‌లో మన దేశం వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యత్వం పొందింది. సభ్యదేశాలు ఒకరి ఇంజనీరింగ్ డిగ్రీల స్థాయిని ఒకరు ఒప్పుకునే ఒప్పందమది. అయితే ఎన్‌బీఏ ఇచ్చే టైర్ వన్ అక్రెడిటేషన్‌కే అది వర్తిస్తుంది, అంటే విశ్వవిద్యాలయ విభాగాలు, అటానమస్ కాలేజీలు. టైర్ టూలో వచ్చిందైతే వర్తించదు. ఈ చివరి మాట ఫ్లెక్సీల మీద నేనెప్పుడూ చూడలేదు.

మాస్టారూ, మా అమ్మాయికి అమెరికాలో ఒక యూనివర్సిటీ నుంచి వారంలో ఐ–20 (విద్యార్థి వీసాకు కావలసిన కాగితం) వచ్చేసింది. జీఆర్ఈ అడగలేదు. అక్రెడిటేషన్ సంగతి అడిగితే ‘ఐ–20 ఇస్తున్నారంటే ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా’ అంటున్నారు కన్సల్టెన్సీవాళ్లు. నిజమేనా?
– ఒక తల్లి, హైదరాబాద్

నిజం కాదమ్మా. ఈ మాట నమ్మి మన పిల్లలు ఇప్పటికే ఒకసారి నలిగిపోయారు.

విదేశీ విద్యార్థుల్ని చేర్చుకుని ఐ–20 ఇవ్వడానికి అక్కడి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ అనుమతి ఇస్తుంది. అక్రెడిటేషన్ వేరు. అక్కడ మన న్యాక్ లాంటి ప్రభుత్వ సంస్థ లేదు. ప్రైవేటు సంస్థలు కాలేజీల్ని పరిశీలించి ఇస్తాయి. ఆ సంస్థల్లో నమ్మదగినవేవో విద్యాశాఖ, ఛియా అనే మండలి గుర్తిస్తాయి. అంటే రెండు మెట్లు. కాలేజీకి అక్రెడిటేషన్ ఉందా? ఇచ్చినవాళ్లకు గుర్తింపు ఉందా?

మొదటి మెట్టు దగ్గరే జారిన ఉదాహరణ ట్రై వ్యాలీ యూనివర్సిటీ. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ఉండేది. అక్రెడిటేషన్ లేదు, ఐ–20లు మాత్రం ఇచ్చేది. 2011 జనవరిలో అధికారులు దాడి చేసి మూయించారు. చదువుతున్నవాళ్లలో ఎక్కువమంది భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించిన ఫొటోలు మన పేపర్లన్నిటిలో వచ్చాయి. మా కాలేజీలో చదివిన పిల్లవాడి తండ్రి ఆ వారం స్టాఫ్‌రూముకు వచ్చి, ‘ఐ–20 అసలుదే కదా మాస్టారూ, మరి కాలేజీ నకిలీది ఎలా అయింది?’ అని అడిగాడు. మాలో ఒక్కరికీ అప్పుడు జవాబు తెలియదు.

రెండో మెట్టు దగ్గర జారిన ఉదాహరణ ఏసీఐసీఎస్. అది అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థ. మన పిల్లలు చేరిన కొన్ని కాలేజీలకు దాని ముద్రే ఉండేది. 2016 డిసెంబరులో విద్యాశాఖ దానికి గుర్తింపు తీసేసింది. మళ్లీ ఇచ్చి, 2022లో పూర్తిగా రద్దు చేసింది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సుల తర్వాత, అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతిని ఇంకో 24 నెలలు పొడిగించుకోవాలంటే డిగ్రీ అక్రెడిటేషన్ ఉన్న కాలేజీదే అయి ఉండాలి. మీరు అప్పు తీర్చే లెక్క ఆ 24 నెలల జీతం మీదే వేసుకుని ఉంటారు కదా?

అమెరికా విద్యాశాఖ వెబ్‌సైటులో డాపిప్ అనే జాబితా ఉంది. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అమ్మాయి చేత ఆ యూనివర్సిటీ పేరు కొట్టించి చూడండి. అక్రెడిటేషన్ ఎవరిచ్చారు, ఎప్పటి నుంచి, షరతులేమైనా ఉన్నాయా అన్నవి కనిపిస్తాయి. అది చూసేదాకా కన్సల్టెన్సీకి ఇంకో రూపాయి కట్టకండి.

న్యాక్ గ్రేడులు ఎత్తేస్తారని విన్నాను. ర్యాంకులు కూడా పోతాయా?
– పాఠకుడు, తిరుపతి

ర్యాంకుల పని కేంద్ర విద్యాశాఖ పెట్టిన ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ది. 2016 నుంచి ఏటా వస్తున్నాయి, దానికీ దీనికీ సంబంధం లేదు. గ్రేడుల విషయంలో మీరు విన్నది నిజమే. ఇస్రో మాజీ చైర్మన్ కె. రాధాకృష్ణన్ నాయకత్వంలోని కమిటీ సిఫారసుల మీద, అక్షరాలు తీసేసి ‘అక్రెడిటేషన్ ఉంది, లేదు’ అని మాత్రమే చెప్పే పద్ధతికి మారతామని 2024 జనవరిలో న్యాక్ ప్రకటించింది. బాగా చేసే కాలేజీలకు ఆపైన ఒకటి నుంచి ఐదు దాకా స్థాయిలు ఉంటాయి. నాకైతే ఇది నచ్చింది. కాకపోతే రేపు ఫ్లెక్సీల మీద ‘లెవెల్ ఫైవ్ దిశగా’ అని వేస్తారు, చూస్తూ ఉండండి.

మాస్టారూ, మా కాలేజీలో ‘ఐక్యూఏసీ’ అని బోర్డున్న గది ఒకటుంది. ఎప్పుడూ తాళమే. లోపల ఏముంటుంది?
– డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

ఒక బీరువా, ఒక ప్రింటరు, దుమ్ము. కాలేజీలో చదువు నాణ్యతను ఏడాది పొడవునా చూసుకోవాల్సిన విభాగం అది. మీ విద్యార్థుల తరఫున కూడా ఒకరు అందులో సభ్యులుగా ఉండాలి. ఎవరో కనుక్కో. ఎవరూ లేకపోతే నీ పేరివ్వు. తాళం మాత్రం ఏడాదికోసారి తప్పకుండా తీస్తారు, వార్షిక నివేదిక పంపాల్సిన వారంలో. మా కాలేజీలో ఆ తాళంచెవి నా జేబులోనే ఉండేది.